కుక్కకు బీమా: కట్టిన సొమ్మునకు తగిన ఫలమా?

మనుష్యునికి బీమా ఉన్నది. ఇంటికి ఉన్నది. మోటారు బండికి చట్టప్రకారము ఉండియే తీరవలెను. పాడిగేదెకును గొఱ్ఱెకును బీమా చేయుట సూర్యాపేట జిల్లా పాలకీడు పరిసరములందు కొత్త మాట కాదు. కుక్కకు బీమా అనగానే మాత్రము వినువారి పెదవులపై చిరునవ్వు తోచును. ఆ నవ్వులో కొంత న్యాయము లేకపోలేదు. కాని పాతికవేలు పోసి కొన్న పిల్ల పార్వో వ్యాధితో మూడవనాటికే కన్నుమూసిన ఇంటివారు అట్లు నవ్వరు. బండిక్రింద పడి కాలు విరిగిన కుక్కకు శస్త్రచికిత్స చేయించుటయా, మానుటయా అని ఇంటిల్లిపాదియు కూర్చుండి డబ్బు లెక్క చూచుకొనవలసి వచ్చినవారును నవ్వరు. స్వర్గద్వారము చెంత ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడువనన్నాడు, నిజమే. ఆనాడు ఆయన చేతికి ఎవ్వరును వైద్యుని బిల్లు ఇయ్యలేదు.

ఈ బీమా పుట్టుక మన దేశమున కాదు. 1924లో స్వీడన్ దేశమున కుక్కకు తొలి పాలసీ వ్రాసిరి. అమెరికాలో 1982లో తొలి పాలసీ పొందినది చలనచిత్రములలోను టెలివిజనులోను పేరు గాంచిన లాసీ అను కుక్క. మన దేశమున న్యూ ఇండియా, ఓరియంటల్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు ఏనాటినుండియో కుక్కలకు పాలసీలు ఇచ్చుచు వచ్చినవి. అయితే అవి ప్రధానముగా కుక్క మరణించినచో పరిహారమిచ్చు పాలసీలు. వైద్యపు ఖర్చును కూడ భరించు పద్ధతికి విశేష ప్రచారము వచ్చినది 2020 ఆగస్టులో బజాజ్ అలియాంజ్ సంస్థయు, మరుసటి యేడు ఫ్యూచర్ జెనరాలి సంస్థయు కుక్కల పాలసీలను ప్రవేశపెట్టిన పిమ్మట. ఆ తరువాత మరికొన్ని సంస్థలు ఈ దారి పట్టినవి. కనుక ఎంచుకొనుటకు నేడు తావున్నది; తావున్నచోట తికమకయు ఉన్నది.

మొదట మనకు తెలిసిన పశువుల బీమాతో దీనిని పోల్చి చూతము. 2017లో తెలంగాణ ప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ ఆరంభించినపుడు 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు గల మందకు 1,25,000 రూపాయల ధర కట్టి, అందులో 75 శాతము రాయితీగా ఇచ్చినది. ఆ ధరలోనే బీమా కూడ చేరియుండెను. జాతీయ పశుసంపద మిషన్ క్రింద 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము చేసిన మార్పు ప్రకారము బీమా ప్రీమియములో రైతు భరించు వాటా 15 శాతము మాత్రమే. తక్కినది కేంద్రమును రాష్ట్రమును పంచుకొనును. కుక్కకు ఇట్టి రాయితీ లేదు. ప్రతి పైసయు యజమానియే కట్టుకొనవలెను. గేదె పాలిచ్చును, గొఱ్ఱె సంతలో అమ్ముడుపోవును, కావున ప్రభుత్వము వానిని జీవనాధారముగా లెక్కించినది. రాత్రివేళ మందను కాయు కుక్క జీవనాధారము కాదా అని గొఱ్ఱెల కాపరి అడిగినచో సమాధానము చెప్పుట కష్టమే. లెక్కలోనికి మంద వచ్చినది గాని మందకు కావలి రాలేదు.

రాయితీ లేనందున పాలసీ ధరకు తగినదా కాదా అను విచారము ఇచ్చట మరింత అవసరము. కుక్కల పాలసీలో సాధారణముగా నాలుగు విధములైన రక్షణలుండును: మరణమునకు పరిహారము, వ్యాధికిని శస్త్రచికిత్సకును అయిన ఖర్చు, కుక్క తప్పిపోయినను దొంగిలింపబడినను నష్టము, కుక్క వలన పరులకు కలిగిన హానికి చెల్లింపు. ఏజెంటు సాధారణముగా మొదటిదానిని గూర్చియే ఎక్కువగా చెప్పును. నా దృష్టిలో రెండవదియు నాలుగవదియు ముఖ్యములు. కుక్క చనిపోయినచో దుఃఖమే గాని అప్పు మిగులదు. చికిత్సయు, పరులకు కాటును మాత్రమే కుటుంబమును అప్పులోనికి దింపగలవు.

ఇక లెక్క. ఇవి కేవలము ఉదాహరణకై నేననుకొన్న అంకెలు. ఏ కంపెనీవియు కావు. మొదటి పాలసీకి ఏటికి 3,200 రూపాయలు కట్టవలెను. చికిత్సకు 20,000 వరకు ఇచ్చును. అయితే ప్రతి ఖర్చులోను 20 శాతము యజమాని భరింపవలెను. రెండవది 2,200కే దొరకును. యజమాని వాటా 10 శాతమే. కాని శస్త్రచికిత్సకు పరిమితి 10,000. చూపునకు రెండవదియే చౌక. కుక్కకు 18,000 రూపాయల బిల్లు వచ్చినదనుకొందము. మొదటి పాలసీలో యజమాని వాటా 3,600. ప్రీమియముతో కలిపి ఆ యేటి ఖర్చు 6,800. రెండవదానిలో కంపెనీ 10,000కు మించి లెక్కలోనికి తీసికొనదు, అందులో పదవ వంతు తీసివేసి 9,000 ఇచ్చును. తక్కిన 9,000 మనది. ప్రీమియముతో 11,200. చౌక అనుకొన్నది 4,400 రూపాయలు ఎక్కువ తిన్నది! అదే బిల్లు 5,000 మాత్రమే అయినచో మొదటిదానితో 4,200, రెండవదానితో 2,700. అప్పుడు రెండవదే మేలు.

అయితే 5,000 రూపాయల బిల్లును ఏదో విధముగా చేతిసొమ్ముతో తీర్చుకొనగలవాడు దానికై బీమా కట్టుట ఎందుకు? తాను మోయలేని బరువునకే బీమా. కనుక పాలసీలను పోల్చునపుడు చిన్న జ్వరము బిల్లుతో గాక, మన కుక్కకు రాగల మిక్కిలి పెద్ద బిల్లుతో పోల్చవలెను. మరియొక సంగతి. మొదటి పాలసీకి ఐదేండ్లు కట్టిన సొమ్ము 16,000. ఆ ఐదేండ్లలో ఒక్క పెద్ద శస్త్రచికిత్స జరిగినచో కంపెనీ ఇచ్చునది 14,400. అనగా ఐదేండ్లకొక పెద్ద ఆపద వచ్చినను కట్టినదానికంటె తిరిగివచ్చునది తక్కువయే. బీమా వలన లాభము గడింతమనుకొనువారు ఈ లెక్కను మరువరాదు. వరి కోత ధాన్యము ఇంకను అమ్ముడుపోక, చేతిలో డబ్బు లేని నెలలో ఆ బిల్లు వచ్చిపడకుండుటకే మనము ధర చెల్లించుచున్నాము. ఆ నిశ్చింతకు ఎంత ఇయ్యవచ్చునో ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను.

పాలసీ కాగితములలో మొదటి పుటకంటె మినహాయింపుల పుట ముఖ్యము. అది చిన్న అక్షరములతో ఉండును. కండ్లజోడు పెట్టుకొనియైనను చదువవలెను. పాలసీ తీసికొన్న తరువాత కొన్ని దినములు గడచినగాని వ్యాధులకు రక్షణ ఆరంభము కాదు. అంతకు పూర్వమే ఉన్న రోగమునకు సాధారణముగా చెల్లింపు లేదు. పుట్టుకతో వచ్చు లోపములకు, వంశానుగతమైన వ్యాధులకు అనేక పాలసీలు మినహాయింపు చెప్పును. లాబ్రడార్, అల్సేషియన్ జాతులలో తుంటికీలు జబ్బు తరచుగా కనిపించును గనుక ఆ జాతులను పెంచువారు ఈ ఒక్క ప్రశ్నను ముందుగా అడుగవలెను. వయస్సు విషయమునను హద్దులున్నవి: గ్రేట్ డేన్ వంటి భారీ జాతులకు చిన్న వయస్సులోనే ద్వారము మూయబడును, తక్కిన జాతులకు మరికొన్ని యేండ్ల గడువుండును. ముసలితనమున బీమా చేయించుదమనుకొనుట నీరు పోయిన తరువాత గట్టు కట్టుటయే.

టీకాల సంగతి వేరుగా చెప్పవలెను. టీకాతో నివారింపదగిన వ్యాధి, టీకా వేయించని కుక్కకు వచ్చినచో కంపెనీ చెల్లింపదు. పార్వో, డిస్టెంపరు ఆ కోవలోనివే. పిల్లకు ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా, పిదప కొన్ని వారముల ఎడముతో మరల రెండు మూడు మోతాదులు, సుమారు మూడు నెలలకు రేబీస్ టీకా, తరువాత ఏటేట మరల. పాస్టర్ మహాశయుడు 1885 జూలై 6న పిచ్చికుక్క కరచిన బాలునికి తొలిసారి టీకా వేసిన దినమును పురస్కరించుకొని, ఏటా అదే తేదీన ప్రభుత్వ పశువైద్యశాలలందు కుక్కలకు ఉచితముగా రేబీస్ టీకాలు వేయుట పరిపాటి. టీకా పుస్తకములో వైద్యుని సంతకము, ముద్ర, తేదీ లేనిచో వేయించిన టీకాయు వేయించనట్లే. కాబట్టి ఆ చిన్న పుస్తకమును రేషను కార్డుతోపాటు భద్రపరచుట మంచిది.

ఇక గుర్తింపు. గేదె చెవికి పన్నెండు అంకెల పసుపుపచ్చ బిళ్ళ ఉండును. కుక్కకు చెవిబిళ్ళ పనికిరాదు. చర్మము క్రింద బియ్యపుగింజంత చిప్పు నాటుదురు. దానిలోని పదునైదు అంకెలను యంత్రముతో చదువవచ్చును. ఇది ఉన్నచో కొన్ని కంపెనీలు ప్రీమియములో కొంత తగ్గించును. చనిపోయినది, తప్పిపోయినది ఈ కుక్కయే అని నిరూపించుటకు దీనికి సాటి లేదు.

పాలకీడు మండలమున కుక్కలు పెంచువారికి పరుల హాని విషయము ఒట్టిమాట కాదు. ఏటా జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సునకు కులమత భేదము లేక జనులు తండోపతండములుగా వత్తురు. బండ్లు, మేళములు, తెలియని మనుష్యులు — ఎంత సాధువైన కుక్కయైనను బెదరును. ఆ దారిలో యాత్రికుని కరచినచో ఆ కుటుంబము వైద్యపు ఖర్చు అడుగుట న్యాయము. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, జంతువును నిర్లక్ష్యముగా వదలి మనుష్యుల ప్రాణమునకు ప్రమాదముగాని తీవ్రమైన గాయముగాని కలుగునట్లు చేసినవానికి ఆరు నెలల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. బీమా కంపెనీ నష్టపరిహారమును భరించునేగాని ఈ శిక్షను భరింపదు. ఉర్సు దినములలో కుక్కను కట్టివేయుటకు ఖర్చు లేదు. ఇంతలో కాటు పడినచో బీమా సంగతి తరువాత. గాయమును ధారగా పారు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

పట్టణవాసికి మేలైన పాలసీ పల్లెవాసికి మేలు కాకపోవచ్చును. ‘మా ఆసుపత్రులలో డబ్బు కట్టనక్కరలేదు’ అని కంపెనీ చెప్పును. ఆ ఆసుపత్రులెచ్చట? హైదరాబాదులోనైనచో పాలకీడు వానికి దాని వలన కలుగు మేలు స్వల్పము. పెద్ద శస్త్రచికిత్స కావలసినపుడు ఇటు రాజేంద్రనగరు పశువైద్య కళాశాలకో, అటు కోదాడ, విజయవాడల మీదుగా గన్నవరము కళాశాలకో పోవలసి వచ్చును. సాగరు ఎడమ కాలువ గట్టున తిరుగు కుక్కకు పాముకాటు తప్పని భయము. దానికి గంటలలో వైద్యము జరుగవలెను, అదియు దగ్గరి పశువైద్యుని చేతిలోనే. కనుక ఏ రిజిస్టరైన పశువైద్యుని బిల్లునైనను అంగీకరించి, తరువాత డబ్బు తిరిగి ఇచ్చు పాలసీయే ఈ ప్రాంతమునకు తగినది. అట్టి పాలసీలో ముందు మన చేతినుండి ఖర్చు పెట్టవలసి యుండునను సంగతియు గ్రహింపవలెను.

కుక్క చనిపోయినపుడు జరుగు పొరపాటు ఒకటి కలదు. ఇంటివారు కన్నీటితో వెంటనే వేపచెట్టు క్రింద పూడ్చివేయుదురు. కంపెనీ అడుగునది పశువైద్యుని ధ్రువపత్రము, కళేబరపు ఫోటో, ఒక్కొక్కప్పుడు శవపరీక్ష నివేదిక. మట్టి కప్పిన తరువాత ఇవేవియు దొరకవు. కనుక మొదట వైద్యునికి, వెనువెంటనే కంపెనీకి తెలుపవలెను. తెలిపిన తేదీయు గంటయు వ్రాసి ఉంచుకొనవలెను.

క్లెయిము నిరాకరించినచో అంతటితో ఊరకుండనక్కరలేదు. ముందు కంపెనీకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. నెలలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరము కాకున్నను, ఏడాది లోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. అందుకు రుసుము లేదు, వకీలుతో పని లేదు. దేశమంతటి బీమా కంపెనీలను నియంత్రించు ప్రాధికార సంస్థ కేంద్ర కార్యాలయము కూడ హైదరాబాదులోనే ఉండుట మనకొక సౌకర్యము.

ఇక ఎవరికి బీమా అవసరము? వాకిట నాలుగు మెతుకులు తిని పడియుండు నాటు కుక్కకు, నా అభిప్రాయమున, అక్కరలేదు. కొన్ని పాలసీలు జాతి ధ్రువపత్రము లేనిదే చేర్చుకొననే చేర్చుకొనవు. దానికి ఏటేట టీకాలు వేయించి, నెలకు 250 రూపాయలు తపాలా ఆఫీసు రికరింగు డిపాజిట్టులో వేసినచో ఐదేండ్లకు అసలే 15,000 అగును. 12 వాయిదాలు కట్టిన పిమ్మట అవసరమైనచో నిల్వలో సగము వరకు అప్పుగా తీసికొనవచ్చును. మంద కాయు కుక్క విషయమున మాత్రము పని కుక్కలకు పాలసీ వర్తించునా అని అడిగి, వర్తించునని కాగితముపై వ్రాసి ఇచ్చిననే కట్టవలెను, నోటిమాట చాలదు. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వంటి పట్టణములలో వేలు పోసి కొన్న జాతి కుక్కను పెంచువారు దాని చిన్న వయస్సులోనే చికిత్సకును పరుల హానికిని రక్షణ గల పాలసీ తీసికొనుట యుక్తము. మరణ పరిహారపు మొత్తమును తగ్గించియైనను చికిత్స పరిమితిని పెంచుకొనవలెను.

ఒకసారి తీసికొన్న పాలసీని మధ్యలో తెగనీయరాదు. గడువు దాటి మరల కట్టినచో నిరీక్షణ దినములు మొదటినుండి లెక్కింపబడవచ్చును; ఆ లోపల పట్టిన రోగము పాత రోగముగా పరిగణింపబడవచ్చును. పునరుద్ధరణ తేదీని గోడమీది క్యాలెండరుపై టీకా తేదీ ప్రక్కనే వ్రాసియుంచుకొనుట మేలు. రెండును ఏడాదికొకసారి వచ్చునవే.