బండికి వ్రేలాడే తాళంచెవి: మతిమరుపా, ప్రజ్ఞాపరాధమా?

"వైద్యులుగారూ, జ్ఞాపకశక్తి పెరగడానికి మంచి లేహ్యం ఏదైనా ఇవ్వండి" అంటూ కొన్ని నెలల క్రితం ఒక ప్రభుత్వోద్యోగి నా వద్దకు వచ్చారు. వయస్సు నలభై ఆరు సంవత్సరాలు. వెంట ఆయన భార్య కూడా ఉన్నారు. ఆయన చెప్పడానికి సంకోచిస్తున్న సంగతిని ఆమే చెప్పారు.

"నెలలో మూడుసార్లు మోటారుసైకిల్‌కే తాళంచెవి వదిలేసి ఇంట్లోకి వచ్చేశారండీ. మొదటిసారి పక్కింటివారు తెచ్చి ఇచ్చారు. రెండోసారి తెల్లవార్లూ బండికే ఉండిపోయింది, పొద్దున చూస్తే బ్యాటరీ దిగిపోయింది. మూడోసారి మా పధ్నాలుగేళ్ల అబ్బాయి అది చూసి బండి తీశాడు. వీధి మలుపులో పడ్డాడు. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఏ లారీయో ఎదురువచ్చి ఉంటే ఏమయ్యేది చెప్పండి?"

ఆమె కంట నీరు తిరిగింది. ఆయన తల వంచుకొని మెల్లగా అన్నారు: "మా నాన్నగారు చివరి మూడేళ్లు నన్ను గుర్తుపట్టలేదండీ. ఆయనకూ ఇలాగే మొదలైందేమోనని భయంగా ఉంది."

లేహ్యం కోసమని వచ్చిన ఆ మనిషికి ముందు కావలసింది అభయమని నాకు అర్థమైంది. బండి లేని ఇల్లు అరుదైన ఈ రోజుల్లో ఇటువంటి సంఘటనలు ఎందరికో అనుభవమే. కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరు లోలోపల భయపడతారు. అందుకే ఈ విషయాన్ని కొంత వివరంగా వ్రాస్తున్నాను.

ఈ పొరపాట్లు ఎన్ని విధాలు?

బండి దిగి తాళంచెవి తీయకుండా వెళ్ళిపోవడం మొదటి రకం. కొందరు ఎర్రని మీటతో ఇంజన్ మాత్రం ఆపి దిగిపోతారు. ఇంజన్ ఆగింది కనుక బండి పూర్తిగా ఆగినట్లే అనిపిస్తుంది. తాళంచెవి మాత్రం ఆన్‌లోనే ఉండి, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

పెట్రోలు పోయించుకున్న తరువాత ట్యాంకు మూతకే వ్రేలాడుతున్న తాళంచెవి కోసం చొక్కా జేబు, ప్యాంటు జేబులు తడుముకోవడం రెండవ రకం. స్కూటరు డిక్కీలో కూరగాయల సంచితోపాటు తాళంచెవినీ పెట్టి సీటు నొక్కేయడం మూడవది. చాలా స్కూటర్లలో సీటు నొక్కగానే దానంతట అదే తాళం పడుతుంది. ఇక బజారులో అదే రంగు గల పరాయివారి బండికి మన తాళంచెవి పెట్టి, అది తిరగడం లేదని విసుక్కోవడం నాలుగవది. అసలు తాళంచెవిని, మారు తాళంచెవిని ఒకే గుత్తికి తగిలించి, ఆ గుత్తి కాస్తా పోగొట్టుకోవడం ఐదవది.

వీటిలో మొదటిదే ప్రమాదకరమైనది. బండి దొంగలపాలైతే బీమా సంస్థలు సాధారణంగా రెండు తాళంచెవులనూ చూపమంటాయి. బండికే వదిలివేశామని తేలితే పరిహారం వివాదంలో పడుతుంది. పిల్లలు తీస్తే పరిణామం ఇంకా తీవ్రం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడిని లేదా యజమానిని బాధ్యునిగా భావిస్తారు. మూడు సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలపాటు రద్దవుతుంది. తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవలసిన భారం పెద్దలపైనే ఉంటుంది. తాళంచెవి బండికే వదిలినవారు ఆ మాట ఎలా చెప్పగలరు?

మనసు ఒక్కటే, అది అణువు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇది మతిమరుపు రోగమా?

చరకసంహిత శారీరస్థానం మొదటి అధ్యాయంలో మనస్సుకు రెండు గుణాలు చెప్పబడ్డాయి. ఒకటి అణుత్వం, రెండవది ఏకత్వం. మనస్సు అణువంత సూక్ష్మమైనది, పైగా ఒక్కటే. కనుక ఒకే క్షణంలో అది రెండు విషయాలను గ్రహించలేదు. కన్ను తెరచి ఉన్నా, వస్తువు ఎదుటే ఉన్నా, మనస్సు అక్కడ లేకపోతే జ్ఞానం కలగదని అదే అధ్యాయం చెబుతున్నది.

దీనిని తాళంచెవికి అన్వయించి చూడండి. ఇంటిముందు బండి ఆపే క్షణంలో చెవి దగ్గర ఫోను ఉంటే మనస్సు ఫోనులో ఉన్నది. చేయి అలవాటు కొద్దీ తన పని తాను చేస్తుంది, లేదా సగంలో ఆపేస్తుంది. మనస్సు గ్రహించనే లేదు కనుక తరువాత జ్ఞాపకం చేసుకోవడానికి లోపల ఏమీ లేదు. బ్యాంకులో వేయని సొమ్మును తీసుకోబోవడం వంటిదే ఇది. చాలామందిలో దోషం స్మృతిలో కంటే ముందు గ్రహణంలో ఉంటుంది.

ఆధునిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఈ మార్గంలోనే పరిశోధించారు. జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మామూలు మనుషుల చేత నిత్యజీవితంలోని పొరపాట్లను దినచర్య పుస్తకాల్లో వ్రాయించి పరిశీలించాడు. బాగా అలవాటైన పనిలో, బాగా పరిచయమైన చోట, మనస్సు వేరొక ఆలోచనలో ఉన్నప్పుడే ఇటువంటివి ఎక్కువని ఆయన గమనించాడు. కొత్తగా బండి నేర్చుకునేవాడి కంటే ఇరవై ఏళ్లుగా నడిపేవాడే తాళంచెవి మరచిపోవడానికి కారణం ఇదే.

ధీ, ధృతి, స్మృతి అనే మూడూ సడలినప్పుడు మనిషి చేసే అహితకర్మకు చరకుడు ప్రజ్ఞాపరాధమని పేరు పెట్టాడు. తెలిసి ఉండి కూడా తప్పు చేయడం ఇందులోకే వస్తుంది. బండి ఆపుతూ ఫోను మాట్లాడకూడదని మనకు తెలియదా? తెలుసు. ఆ తెలివిని ఆ క్షణంలో నిలుపుకోలేకపోవడమే ధృతిభ్రంశం.

గురువుగారి ఔషధశాల

నాకీ పాఠం గ్రంథంలో కంటే ముందు గురుకులంలో తెలిసింది. నా పద్దెనిమిదవ ఏట ఔషధశాల బాధ్యత గురువుగారు నాకు అప్పగించారు. అందులో వత్సనాభి ఉంచిన చిన్న కొయ్యపెట్టె ఒకటి ఉండేది. శుద్ధి చేయని వత్సనాభి ప్రాణాంతకమైన విషం. ఒకనాటి మధ్యాహ్నం ఆ పెట్టె తెరచి, మూసి, తాళం వేసి, తాళంచెవిని తాళానికే వదిలి భోజనానికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం గురువుగారు "నాయనా, పెట్టె తాళంచెవి ఎక్కడుంది?" అని అడిగారు. నేను తడుముకోకుండా "గూటిలో ఉందండీ" అన్నాను. ఆయన తన ఉత్తరీయపు కొంగున ముడివేసుకున్న తాళంచెవిని విప్పి నా చేతిలో పెట్టారు. ఒక్క మాట కూడా కోప్పడలేదు. ఆ గదిలో అప్పుడప్పుడు ఆడుకొనే ఆయన మనుమరాలికి అప్పుడు ఐదేళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. రోజూ గూటిలోనే పెడతాను కనుక ఆ రోజూ పెట్టాననే నమ్మాను. మరునాటి నుంచి ఆయన నాకొక నియమం విధించారు. తాళంచెవి గూటిలో పెడుతూ "పెట్టాను" అని పైకి అనాలి. తోటి విద్యార్థులు నవ్వేవారు. అయినా ఆ అలవాటు ఇప్పటికీ విడువలేదు.

ఆపకూడని వేగాలు

ఆ ఉద్యోగిని ఆయన దినచర్య అడిగాను. రాత్రి పన్నెండు దాటాక నిద్ర. ఉదయం ఆలస్యంగా లేచి, ఫలహారం మానేసి, కాఫీతోనే కార్యాలయానికి ప్రయాణం. కార్యాలయంలో మరుగుదొడ్డి శుభ్రంగా ఉండదని సాయంత్రం దాకా మూత్రం ఆపుకోవడం. ఇంటికి చేరగానే బండి ఆపి స్నానాలగదికి పరుగు.

చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆపకూడని వేగాలు పదమూడు చెప్పాడు. మూత్రం, ఆకలి, నిద్ర ఆ పదమూడింటిలోనివే. ఈయన మూడింటినీ రోజూ ఆపుతున్నారు! మూత్రవేగంతో పరుగెత్తే మనిషి మనస్సు తాళంచెవి మీద ఎలా నిలుస్తుంది? మూడుసార్లూ ఆయన తాళంచెవి వదిలింది సాయంత్రం ఇల్లు చేరినప్పుడేనని భార్యాభర్తలిద్దరూ ఆలోచించుకొని ఒప్పుకున్నారు.

పాటించవలసిన నియమాలు

స్మృతి కలగడానికి చరకుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. వాటిలో రూపగ్రహణం, సత్త్వానుబంధం, అభ్యాసం అనే మూడింటిని ఆధారం చేసుకొని ఈ క్రింది నియమాలు చెబుతున్నాను.

1. తాళంచెవి చేతిలోకి వచ్చిన తరువాతే హెల్మెట్ తీయాలి. ఈ వరుస తప్పకూడదు. ఫోను ఆ తరువాతే.

2. తీయగానే "తీశాను" అని పైకి అనాలి. ఆ ఒక్క మాటతో మనస్సు అక్కడికి వస్తుంది.

3. ఇంట్లో తలుపు ప్రక్కన, పిల్లలకు అందని ఎత్తులో ఒక మేకు కొట్టి, ఎప్పుడూ అక్కడే తగిలించాలి. బయట ఉన్నప్పుడు ఎప్పుడూ ఒకే జేబులో ఉంచాలి.

4. తాళంచెవికి ముదురు రంగు రిబ్బను గాని చిరుగంట గాని కట్టాలి. ఇంటి తాళాలన్నీ కలిపి బరువైన గుత్తి చేయరాదు. ఆ బరువుకు బండి తాళం అరిగిపోతుంది.

5. మారు తాళంచెవి ఇంట్లోనే, వేరుగా ఉండాలి. డిక్కీలో దాచరాదు.

6. డిక్కీ మూసే ముందు తాళంచెవి ఎడమచేతిలో ఉన్నదో లేదో చూసుకోవాలి.

ఆహారం, ఔషధం

ఉదయం ఫలహారం మానరాదు. రాత్రి పదిన్నరకల్లా పడుకోవాలి. నిద్రకు ముందు అరికాళ్లకు నువ్వులనూనెతో మర్దన హితకరం. వారానికి రెండుసార్లు సరస్వతి ఆకు పచ్చడి, అందులో కొంచెం నెయ్యి వేసుకొని తినవచ్చు.

చరకుడు మేధ్య రసాయనాలుగా మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చెప్పి, వాటిలో శంఖపుష్పిని విశేషంగా ప్రశంసించాడు. మన సరస్వతి ఆకే మండూకపర్ణి. శంఖపుష్పి చూర్ణం 3 గ్రాములు గోరువెచ్చని పాలతో, వైద్యుని సలహాపై సేవించవచ్చు. అయితే మూర్ఛవ్యాధికి మందులు వాడేవారు దీనిని స్వయంగా వాడరాదు. ఆ మందుల బలం తగ్గవచ్చు. రక్తపోటు ఉన్నవారు అతిమధురం వాడరాదు. కాలేయవ్యాధి ఉన్నవారు, గర్భిణులు ఈ నాలుగింటిలో దేనినీ వైద్యుని అడగకుండా ముట్టరాదు. ఏ మందైనా సరే, ఫోను చెవి దగ్గర పెట్టుకొని బండి ఆపేవాని చేత తాళంచెవి తీయించలేదు.

ఎప్పుడు ఉపేక్షించరాదు?

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరవడం సామాన్యం. చేతిలోని తాళంచెవి దేనికో తెలియకపోవడం సామాన్యం కాదు. నిత్యం వెళ్లే దారి తప్పడం, అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడగడం, డబ్బు లెక్కలు తెలియకపోవడం, స్వభావం మారిపోవడం కనిపిస్తే నరాల వైద్యునికి చూపించాలి. అకస్మాత్తుగా తికమకపడి, మాట తడబడి, చేయి గాని కాలు గాని పట్టుతప్పితే ఒక్క నిమిషం కూడా వృథా చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కొత్తగా మరపు ఎక్కువైతే థైరాయిడ్, బి12 విటమిన్ పరీక్షలు చేయించడం మంచిది. శాకాహారుల్లో బి12 లోపం తరచుగా కనిపిస్తుంది. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, దీర్ఘకాలపు దిగులు కూడా మనస్సును మందగింపజేస్తాయి.

ఆ ఉద్యోగికి నేను పరీక్షలు చేయించాను. బి12 కొంత తక్కువగా ఉంది, దానికి తగిన మాత్రలు వాడారు. ఇంకే లోపమూ కనిపించలేదు. తండ్రిగారి వ్యాధి గురించి ఆయన మనసులో ఉన్న భయం ఒక్కరోజులో పోలేదు. పోతుందని నేనూ చెప్పలేదు. "ఇప్పుడు మీలో ఆ లక్షణాలు లేవు. ఏటా ఒకసారి చూపించుకోండి" అని మాత్రం చెప్పాను.

రెండు నెలల తరువాత దంపతులు కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. మోకాలి గాయం మానింది, మచ్చ మిగిలింది. "మళ్లీ ఒక్కసారి మరచానండీ. కానీ గడప దాటకముందే జ్ఞాపకం వచ్చి వెనక్కి వెళ్లాను" అన్నారాయన. ఎలా జ్ఞాపకం వచ్చిందని అడిగాను. ఆయన కొడుకు వైపు చూశారు. నాన్న గేటు తీసిన చప్పుడు వినగానే "నాన్నా, తీశావా?" అని లోపలినుంచి అడగడం ఆ అబ్బాయి తన పనిగా పెట్టుకున్నాడట.