మూడో వరుసలో రెండు చుక్కలు

సింగపూర్ వన్-నార్త్‌లో బయోపొలిస్ అని ఒక భవనాల గుంపు ఉంది. నానోస్, జీనోమ్, ప్రోటియోస్ అన్న పేర్లు వింటేనే లోపల ఏం పని జరుగుతుందో తెలిసిపోతుంది. ఆ దగ్గర్లోనే ఒక చిన్న సంస్థకు నేను సర్వర్లు చూస్తాను. జన్యుక్రమాల ఫైళ్ళను చదివి, సర్ది, కుదించి ఇచ్చే శామ్‌టూల్స్ లేనిదే మా పరిశోధకులకు పూట గడవదు. ఒక సాయంత్రం దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చాను. తెర మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. తీరా వెర్షన్ ఎంత అని అడిగితే పాత అంకే చెప్పింది. తీసేసి మళ్ళీ పెట్టాను. అయినా పాతదే.

ఆ ప్రోగ్రామ్ ఫైలు ఏ ప్యాకేజీదని, ప్యాకేజీలను ఎక్కించి తీసే డీపీకేజీని అడిగితే అసలు సంగతి బయటపడింది. ఈ చోటికి వచ్చే ఫైలును స్థానికంగా వేరే చోటికి మళ్ళించారని చెప్పింది. వెతికితే, కొత్త ప్రోగ్రామ్ అదే ఫోల్డర్‌లో, పేరు చివర 'డిస్ట్రిబ్' అనే తోకతో ఉంది. ఏడాదుల నుంచి వచ్చిన ప్రతి కొత్త వెర్షనూ అలాగే వచ్చి, పక్కన కూర్చుని, దాని తర్వాతి వెర్షన్‌కు చోటిచ్చి వెళ్ళిపోయింది.

ఇలా దారి మళ్ళించే పనిముట్టు పేరు డీపీకేజీ-డైవర్ట్. అది చేసిన మళ్ళింపులన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. ఒక్కో మళ్ళింపుకు మూడు వరుసలు. మొదటిది అసలు చోటు, రెండోది మళ్ళించిన చోటు, మూడోది ఆ పని చేసిన ప్యాకేజీ పేరు. మా సర్వర్‌లో ఆ మూడో వరుసలో రెండు చుక్కలు మాత్రమే ఉన్నాయి. అంటే ఇది ఏ ప్యాకేజీ చేసిన పనీ కాదు, ఈ యంత్రాన్ని చూసుకునే మనిషి స్వయంగా చేసింది. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. ఎందుకు చేశారో రాసుకోవడానికి ఆ చిట్టాలో నాలుగో వరుస లేదు.

ఆ రాత్రి నుంచి ఈ చిన్న పనిముట్ల పుట్టుపూర్వోత్తరాల మీద నాకు పట్టుదల పెరిగింది.

1993 ఆగస్టులో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇయాన్ మర్డాక్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు లినక్స్ ఆధారిత వ్యవస్థ డెబియన్‌ను ప్రకటించాడు. ఆ పేరులో అతని స్నేహితురాలు డెబ్రా సగం, అతను సగం. దాని ప్యాకేజీలను చూసుకునే డీపీకేజీ మొదట ఒక షెల్ స్క్రిప్టు. తర్వాత పెర్ల్‌లోకి మారింది. 1994లో ఇయాన్ జాక్సన్ దాని ప్రధాన భాగాన్ని సీ భాషలో తిరగరాశాడు. ప్యాకేజీలు పెరిగేకొద్దీ పేచీలూ పెరిగాయి. రెండు ప్యాకేజీలు ఒకే ఫైలు నాదంటే నాదన్నాయి. ఒకటి పాత సెట్టింగుల చోటు మార్చమంది. ఇంకొకటి తాను వచ్చాక సూచిక మళ్ళీ కట్టమంది. ఒక్కో పేచీకి ఒక్కో పనిముట్టు పుట్టింది. మన ఇళ్ళల్లో వంటగది గోడకు అవసరం వచ్చినప్పుడల్లా ఒక మేకు కొట్టినట్టే అనుకోండి. మేకు కొట్టిన మనిషికి తప్ప అది ఏ బరువు కోసమో మిగతావాళ్ళకు తెలియదు.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది డీపీకేజీ-స్ప్లిట్. పెద్ద ప్యాకేజీని ఫ్లాపీల మీద మోసుకెళ్ళే రోజుల్లో దాన్ని ముక్కలు చేయడానికి పుట్టింది. ముక్క కొలత 450 కిలోబైట్లు. ఒక 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో అలాంటివి మూడు పడతాయి. ఫ్లాపీలు పోయాయి, ఇది మాత్రం పోలేదు. ఒక ప్యాకేజీని విప్పే ముందు, ఇది పూర్తిదా, దేనిదైనా ముక్కా అని డీపీకేజీ దీన్నే అడుగుతుంది. వందల మెగాబైట్లు క్షణాల్లో దిగే ఈ వన్-నార్త్ భవనాల్లోనూ ఆ ప్రశ్న అడుగుతూనే ఉంది. మాన్యువల్ పేజీ ఉండబట్టి ఆ 450 అంకెను నేను చదవగలిగాను. లేకపోతే సోర్స్ కోడ్ తవ్వాల్సి వచ్చేది.

ఈ విషయంలో డెబియన్ నియమావళి గట్టిగానే ఉంది. ప్రతి ప్రోగ్రామ్‌కూ మాన్యువల్ పేజీ ఉండాలి, లేకపోతే అది లోపమే. ఒకప్పుడు పేజీ లేని ప్రోగ్రాములన్నిటినీ 'అన్‌డాక్యుమెంటెడ్' అనే ఉమ్మడి పేజీకి ముడిపెట్టేవారు. దీనికి ఇంకా పేజీ రాయలేదు అని చెప్పే పేజీ అది. ఆ ఆచారాన్ని మానేసి మంచి పని చేశారు. ఖాళీని ఖాళీగా కనబడనిస్తేనే ఎవరికైనా నింపాలనిపిస్తుంది.

అయితే మాన్యువల్ లేదని పట్టుకునే తనిఖీ, మనుషులు టైపు చేసే ప్రోగ్రాములుండే ఫోల్డర్లనే చూస్తుంది. మరో ప్రోగ్రామ్ మాత్రమే పిలిచే సహాయక ప్రోగ్రాములు లోపలెక్కడో లిబ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ప్యాకేజీలను నెట్ నుంచి తెప్పించే ఆప్ట్‌నే తీసుకోండి. ఫైళ్ళు దింపుకునే పని అది స్వయంగా చేయదు. హెచ్‌టీటీపీ అనే చిన్న సహాయక ప్రోగ్రామ్‌ను విడిగా లేపి, దానికి చీటీలు పంపుతుంది. నేను ఒకసారి ఆ సహాయక ప్రోగ్రామ్‌ను టెర్మినల్‌లో నేరుగా నడిపాను. వెంటనే 100 అంకెతో తన సామర్థ్యాలు చెప్పుకుంది. నేను 600 అంకెతో ఒక చిరునామా, దింపాల్సిన చోటు టైపు చేసి, ఖాళీ వరుస వదిలాను. కాసేపటికి 201 అని జవాబు, ఫైలు వచ్చేసింది. కుదరకపోయి ఉంటే 400 వచ్చేది. ఆప్ట్ రోజూ ఆడే సంభాషణలో దాని బదులు నేను కూర్చుని మాట్లాడిన ఆ నిమిషం ఇంకా గుర్తుంది. ఈ అంకెల వివరమంతా రాసి ఉంది, కానీ ప్రోగ్రామర్ల కోసం ఉంచిన వేరే ప్యాకేజీలో. డౌన్‌లోడ్ ఆగిపోయి అర్ధరాత్రి తల పట్టుకున్న మనిషి అక్కడ వెతకాలని ఎలా అనుకుంటాడు?

బయోపొలిస్ పరిసరాల్లో మాన్యువల్ లేకపోవడం చిన్న విషయం కాదు. జీవశాస్త్ర ప్రోగ్రాములు చాలావరకు ప్రయోగశాలల్లో పుడతాయి. రాసిన విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతాడు. 2002లో ఆండ్రియాస్ టిల్లె మొదలుపెట్టిన డెబియన్ మెడ్ ఇలాంటివాటిని ప్యాకేజీలుగా కడుతోంది. మాన్యువల్ లేనివాటికి వాలంటీర్లు కూర్చుని రాస్తారు. ప్రోగ్రామ్ ఇచ్చే సహాయ సందేశం నుంచి పేజీ తయారుచేసే హెల్ప్2మ్యాన్ అనే పనిముట్టు ఉంది. అది ఆప్షన్ల పట్టిక ఇస్తుంది గానీ, ఎందుకు అన్నది ఇవ్వలేదు.

మా మళ్ళింపుకు కారణం చివరికి ఒక సీనియర్ పరిశోధకురాలు చెప్పారు. కొన్నేళ్ళ పాటు సాగే ఒక అధ్యయనంలో మొదటి నమూనా నుంచి చివరి నమూనా దాకా అన్నిటినీ ఒకే వెర్షన్‌తో చదవాలి. మధ్యలో వెర్షన్ మారితే తేడా జన్యువుదో, ప్రోగ్రామ్‌దో చెప్పలేం. అందుకే పాతదాన్ని కదలనివ్వలేదు. పాతాయన చేసింది సరైన పనే. నేను చిట్టాలోని ఆ మూడు వరుసలు చెరిపేయడానికి ఒక్క కమాండ్ దూరంలో ఉండి ఆగాను.

అప్పుడు ఆ కారణం చెప్పే మాన్యువల్ పేజీ రాశాను. అన్నిటికన్నా కష్టపెట్టింది మొదటి భాగమే. అక్కడ ప్రోగ్రామ్ పేరు, అడ్డగీత, ఒక్క వాక్యం. ఆ అడ్డగీత సరిగ్గా పడకపోతే వెతికేవాళ్ళకు పేజీ దొరకదు. ఆ ఒక్క వాక్యాన్ని పదకొండు సార్లు తిరగరాశాను. పేజీనీ, పాత శామ్‌టూల్స్‌నూ కలిపి చిన్న ప్యాకేజీగా కట్టి, పాత మళ్ళింపును తీసి, ఆ ప్యాకేజీ చేతనే కొత్తగా మళ్ళింపు పెట్టించాను. ఎక్కించాక చివర్లో, మాన్యువల్ సూచిక మళ్ళీ కడుతున్నట్టు తెర మీద ఒక వరుస వచ్చింది. అదీ ఒక సహాయకుడి పనే. చిట్టా తెరిచి చూశాను. మూడో వరుసలో రెండు చుక్కల చోట మా ప్యాకేజీ పేరుంది.