షుగర్, థైరాయిడ్, సీలియాక్ ఒకే ఇంట్లో ఎందుకు కనిపిస్తాయి?

ఛత్తీస్‌గఢ్ వరి పండే నేల. అయినా దేశం నలుమూలల నుంచి జనం చేరిన భిలాయ్ ఉక్కు పట్టణంలో, సుపేలా వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో అన్నం పక్కన రొట్టె కూడా చేరింది.

అలాంటి ఇంట్లో టైప్-1 డయాబెటిస్ ఉన్న ఒక బాలుడిని ఊహించుకుందాం. ఇన్సులిన్ వేళకు తీసుకుంటున్నా ఎదుగుదల లేదు, రక్తహీనత తగ్గడం లేదు. తల్లికి థైరాయిడ్ సమస్య. ఇవన్నీ వేర్వేరు జబ్బులుగా అనిపించడం సహజమే. కానీ వాటి మూలం ఒకటే కావచ్చు.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణాలపైనే దాడి చేస్తే వచ్చేవి ఆటోఇమ్యూన్ వ్యాధులు. ఏది మనది, ఏది పరాయిది అని గుర్తించడంలో ఆరో క్రోమోజోమ్‌పై ఉండే హెచ్‌ఎల్‌ఏ జన్యువులది కీలక పాత్ర. ఇవి తయారుచేసే ప్రొటీన్లు, ఇతర ప్రొటీన్ల ముక్కలను పట్టుకుని టీ-కణాలకు చూపిస్తాయి. వీటిలో డీఆర్3, డీక్యూ2 అనే రకాలు పక్కపక్కనే ఉండి, తరచూ ఒకే మూటగా తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమిస్తాయి. భారతీయుల్లో టైప్-1 డయాబెటిస్‌తో బలమైన సంబంధం ఉన్నది డీఆర్3కే. థైరాయిడ్‌ను దెబ్బతీసే గ్రేవ్స్ వ్యాధితోనూ దానికి సంబంధం ఉంది. డీక్యూ2 గోధుమలోని గ్లూటెన్ ముక్కలను గట్టిగా పట్టుకుంటుంది, సీలియాక్ వ్యాధికి దారి వేస్తుంది.

యూరప్‌లో ఇలాంటి పలు వ్యాధులకు ఉమ్మడిగా కనిపించే పీటీపీఎన్22 జన్యుమార్పు మన దేశంలో అరుదు. విదేశీ జన్యు నివేదికలను యథాతథంగా నమ్మకూడదనడానికి ఇదొక కారణం.

అయితే జన్యువు ఉంటే జబ్బు ఉన్నట్టు కాదు. 2016లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనం ప్రకారం, సీలియాక్ ముప్పు పెంచే జన్యువులు ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ దాదాపు సమానంగానే ఉన్నాయి. వ్యాధి మాత్రం ఉత్తరాదిన సుమారు 0.85 శాతం మందిలో, దక్షిణాదిన సుమారు 0.01 శాతం మందిలో కనిపించింది. పెద్ద తేడా కనిపించింది గోధుమ వాడకంలోనే.

అందుకే టైప్-1 డయాబెటిస్ ఉన్న పిల్లలకు థైరాయిడ్, సీలియాక్ పరీక్షలు కూడా చేయించాలని వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. సీలియాక్‌కు మొదట చేసేది టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. ఇక్కడే చాలామంది పొరబడతారు. అనుమానం రాగానే రొట్టె మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోయి, వ్యాధి ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు. పరీక్ష పూర్తయ్యేవరకు గోధుమ మానకూడదు.