తిరువళ్లూరు పొలాల మీద కరెంటు విమానం

"ఆదివారం పూట విమానాలు ఎగరేస్తుంటాం" అని చెబితే మా బంధువుల్లో సగంమంది పెళ్ళి వీడియోలు తీసే డ్రోను అనుకుంటారు, మిగతా సగంమంది తిరునాళ్ళలో కొన్న బొమ్మ అనుకుంటారు. రెండూ కాదు. రెక్కలూ తోకా ఉండి, పెద్ద విమానం ఏ సూత్రం మీద ఎగురుతుందో ఆ సూత్రం మీదే ఎగిరే చిన్న విమానం ఇది. మనం నేల మీద నిలబడి రేడియోతో నడుపుతాం. డ్రోను చాలావరకు తనంతట తానే గాలిలో నిలబడుతుంది. దీన్ని పట్టించుకోకపోతే మాత్రం పొలంలో ముక్కు గుచ్చుకుంటుంది. పద్నాలుగేళ్ళ మా అబ్బాయీ, నేనూ నాలుగేళ్ళుగా ఈ సరదాలో ఉన్నాం. సెలవురోజున పిల్లల్ని ఏం చెయ్యాలా అని ఆలోచించే తల్లిదండ్రులకు పనికొస్తుందని నాలుగు మాటలు రాస్తున్నాను.

మేముండేది తిరువళ్లూరులో. మా అత్తగారి ఊరు తిరుత్తణి పక్కన ఒక పల్లె. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. అప్పుడు మా మామగారు బడిలో చదువుతున్నారు. జిల్లా మారింది గానీ ఇంట్లో భాష మారలేదు. ఈనాటికీ తాతా మనవడూ విమానం గురించి వాదించుకునేది తెలుగులోనే.

కరెంటుతో ఎగిరే మోడల్ విమానం కొత్త సంగతేమీ కాదు. 1957 జూన్ 30న ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ 'రేడియో క్వీన్' అనే విమానాన్ని వెండి, జింకు బ్యాటరీలతో ఎగరేశాడు. చిక్కల్లా బరువుతోనే. ఎగరడానికి చాలినంత కరెంటు కావాలంటే బ్యాటరీ బరువెక్కుతుంది, బరువెక్కితే ఎగరదు. అందుకే చాలా ఏళ్ళు ఈ విద్య మిథనాలు, ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్ల చేతుల్లోనే ఉండిపోయింది. ఆ చప్పుడుకు ఊరంతా లేచి కూర్చునేది, చేతులకు జిడ్డు వదిలేది కాదు. లిథియం పాలిమర్ బ్యాటరీలూ, బ్రష్‌లు లేని మోటార్లూ చౌకగా దొరకడం మొదలయ్యాకే మనలాంటి మధ్యతరగతి కుటుంబాలకు ఇది అందుబాటులోకి వచ్చింది.

మా విమానం రెక్క పొడవు 1.2 మీటర్లు, బరువు సుమారు 800 గ్రాములు. ఫోమ్ షీటు కోసి, వేడి జిగురుతో అతికించి మేమే చేసుకున్నాం. రేడియోతో సహా పదివేల లోపే అయింది. మోటారు మీద 1000 కేవీ అని ఉంటుంది. కిలోవోల్టులనుకుని కంగారు పడకండి. ఒక వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు అని దాని అర్థం. మా బ్యాటరీ 11.1 వోల్టులది కనుక పంకా బిగించకముందు పదకొండు వేల చుట్లు దాటుతుంది. అందుకే ఇంట్లో తీగలు సరిచూసేటప్పుడు పంకా ఊడదీసి పక్కన పెడతాం. వేళ్ళ విషయంలో ధైర్యసాహసాలు అక్కర్లేదు. బ్యాటరీ 2200 మిల్లీ ఆంపియర్ అవర్లది. అందులో ఎనభై శాతమే వాడుకుంటాం. సగటున పది ఆంపియర్లు లాగితే పది నిమిషాల ఎగురుడు. ఈ లెక్క మావాడు నోటితోనే చేస్తాడు. పాఠ్యపుస్తకంలో అదే లెక్క కనిపిస్తే మాత్రం ఆవలిస్తాడు!

బ్యాటరీని "పెట్టెలో పాము" అంటుంది మా ఆవిడ. మొదటిరోజే షరతు పెట్టింది: పడగ్గదిలో గానీ, రాత్రిపూట గానీ చార్జింగు పెట్టకూడదు, మనిషి పక్కన లేకుండా అసలే పెట్టకూడదు. ఆమె మాటే సరైనది. ఇందులో మూడు సెల్లులుంటాయి. ఒక్కొక్కటి నిండితే 4.2 వోల్టులు, అంతకు మించితే ప్రమాదం. మూడు వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది. వారం రోజులు ఎగరేసే పని లేకపోతే 3.8 దగ్గర ఉంచి దాచాలి. మూడు సెల్లులనూ సమంగా నింపే చార్జరే వాడాలి. పొట్ట ఉబ్బిన బ్యాటరీని ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే మళ్ళీ వాడకూడదు. అంటుకుంటే అది మామూలు మంట కాదు. మేం వరండాలో గచ్చు మీద ఇనపపెట్టెలో పెట్టి నింపుతాం. మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో దీన్ని వదిలెయ్యడం అన్నిటికన్నా చెడ్డది.

ఎగరెయ్యడంలో పిల్లల్ని తికమకపెట్టేది ఒక్కటే. విమానం మనకు దూరంగా వెళుతున్నప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే. మనవైపు తిరిగిందంటే తారుమారవుతాయి. మావాడు నేర్చుకున్న కిటుకు ఇది: ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలుతోందో ఆ రెక్క వైపే కర్రను తోయాలి, సర్దుకుంటుంది. ఇరవై ఎగురుళ్ళయ్యాక ఆలోచించకుండానే చెయ్యి కదులుతుంది. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా గాలి నెమ్మదిగా ఉంటుంది. ఎండెక్కితే కోసిన చేల మీంచి వేడిగాలి పైకి లేచి విమానాన్ని ఎత్తి పడేస్తుంది. గద్దలు అదే గాలి మీద హాయిగా చక్కర్లు కొడుతుంటాయి. వాటికి మన విమానమంటే పడదు, ఒక్కోసారి మీదికి వస్తాయి. అప్పుడు దించెయ్యడమే మర్యాద.

మా మామగారికి ఒకటే కోరిక, తిరుత్తణిలో తన ఇంటి వెనక చేలో మనవడు విమానం ఎగరేస్తే చూడాలని. అది మాత్రం మేం ఒప్పుకోలేదు. అరక్కోణం దగ్గర నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ రాజాలి ఉంది. 1992లో ప్రారంభమైంది. సముద్రం మీద నిఘా వేసే పెద్ద పి-8ఐ విమానాలు అక్కణ్ణుంచే లేస్తాయి. తిరుత్తణికి అది పదిహేను కిలోమీటర్లు కూడా లేదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎగరొచ్చు. విమానాశ్రయం హద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. ఎరుపులో కేంద్రప్రభుత్వం అనుమతి లేకుండా కుదరదు. బయల్దేరేముందు డిజిటల్ స్కై పటం చూసుకోవాలి. రెండు వందల అడుగులు చాలవా అంటారు మామగారు. ఫోమ్ విమానం గాలికి పైకి లేస్తే కింద నుంచి కొలిచేదెవరు? పైన ప్రాణాలున్న విమానం ఉండొచ్చు. అందుకని ఆయన్నే లోకల్ రైలెక్కించి అరక్కోణం మీదుగా తిరువళ్లూరు తీసుకొస్తున్నాం. గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చుని, "ఇంకొంచెం పైకి పోనీరా" అంటుంటారు.

పటం ఒప్పుకుంటే చాలదు, పొలం గలవాళ్ళూ ఒప్పుకోవాలి. మేం వెళ్ళే చేను పక్కన ఒక పెద్దాయన, తెలుగాయనే, మొదటిరోజు కర్ర పట్టుకుని వచ్చారు.

"ఏం సామీ, భూములు కొలిచేదానికి వచ్చినారా?"

"లేదు తాతా, ఉత్త ఆట. దీనికి కెమెరా లేదు, చూడండి" అని మావాడు విమానం తిప్పి పొట్ట చూపించాడు. ఆయన ఫోమును గోటితో గీకి, బరువు చూసి, "ఇంతేనా" అని కర్ర కింద పెట్టేశారు. అప్పట్నుంచి ముందురోజే ఫోను చేసి అడిగి వెళుతున్నాం. కోతలకు ముందు వెళ్ళం, పైరులో పడితే ఆయన చెప్పిన గట్టు మీంచే వెళ్ళి తెచ్చుకుంటాం. వేరుశనగ కాలంలో ఆయన భార్య ఉడకబెట్టిన కాయలు పంపుతుంది.

మొన్న సజ్జచేను గింజపట్టినప్పుడు ఆయనే అడిగారు, "ఇది పిట్టల్ని తోలుతుందా?" అని. చేను మీద రెండు చుట్లు తిప్పాం. పిట్టలన్నీ లేచి తాటిచెట్టు మీద వాలాయి. బ్యాటరీ అయిపోయి విమానం దిగగానే తిరిగొచ్చి వెన్నుల మీద కూర్చున్నాయి. ఆయన నవ్వి, మళ్ళీ తన పాత రేకుడబ్బా తీసుకుని కొట్టడం మొదలుపెట్టారు.