మీకు తెలుసా? నత్త తన గుల్లకు తానే అతుకు వేసుకుంటుంది
గుల్ల పగిలిన నత్త ఆ పగులును లోపలి నుంచి తానే పూడ్చుకోగలదు. గుల్లను ఆనుకుని ఉండే మాంటిల్ అనే మెత్తటి పొర మాంసకృత్తులను, కాల్షియం కార్బొనేట్‌ను స్రవించి అతుకు వేస్తుంది. అతికిన చోటు పాత గుల్లంత నునుపుగా ఉండదు, రంగూ కలవదు, కానీ ప్రాణం నిలబడుతుంది. గుల్ల పెరిగేది అంచు దగ్గరే కాబట్టి అక్కడ పెచ్చు ఊడినా తొందరగా పూడుతుంది. కొన దగ్గర పగిలితే మాత్రం కష్టం, లోపలి అవయవాలు ఉండేది అక్కడే.

గుల్లలు మార్చే సన్యాసి పీతలా నత్త ఇల్లు మార్చుకోలేదు. గుల్లతోనే పుడుతుంది, ఒక బలమైన కండరం దాన్ని గుల్లకు కట్టి ఉంచుతుంది. గుల్ల పెరగాలంటే కాల్షియం కావాలి, అందుకే పిల్ల నత్త తొలి భోజనం చాలాసార్లు తాను బయటికొచ్చిన గుడ్డు పెంకే! మన పెరట్లో కనిపించే పెద్ద ఆఫ్రికా నత్త సున్నం వేసిన గోడలను గీకి తినేదీ ఈ కాల్షియం కోసమే.

దెబ్బతిన్న పిల్ల నత్తను పెంచుతున్నారా? కోడిగుడ్డు పెంకులను ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా దంచి ఆకుల మీద చల్లండి. మట్టిని తడిగా ఉంచండి, నీళ్లు మాత్రం నిలవకూడదు. ఉప్పు దరిచేరనివ్వకండి. దయచేసి గుల్ల పట్టుకుని పైకి లాగకండి, తడి ఆకు ముందు పెడితే తనే ఎక్కుతుంది. నత్తల్లో మనకు హాని చేసే పరాన్నజీవులు ఉండొచ్చు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.