మెట్టచేల మన్ను నిలుపు పచ్చికంచెలు

తెనాలి, రేపల్లె ప్రాంతముల మాగాణులకు, 1855లో బెజవాడవద్ద కృష్ణానది ఆనకట్ట పూర్తియైన పిమ్మట, కాలువనీరు సమృద్ధిగా చేరినది. ఆ భూములు చదునైనవి. గట్లు నీటిని నిలుపును గనుక మన్ను కొట్టుకొనిపోవుట తక్కువ. కాలువ ఎక్కని మెట్టచేల సంగతి వేఱు. బాపట్ల తీరమునందలి ఇసుక మెరకలలో గాలి మన్నును ఎగురగొట్టును. పడమటనున్న వినుకొండ ప్రాంతపు ఎఱ్ఱనేలలలో వాననీరు దానిని వాగుల పాలుచేయును. రైతు వేసిన ఎరువును, ఆకుకుళ్ళును పైపొరయందే యుండును. అది పోయినచో భూమి విస్తీర్ణము తగ్గదు గాని పంట తగ్గును.

మట్టిగట్టు ఒక్కటియే చాలునని తలపరాదు. వదులునేలలో అట్టిగట్టు పెద్దవానకు గండిపడును. పచ్చికంచె నీటిని ఆపక జల్లెడవలె వడగట్టును. వేగము తగ్గిన నీరు తాను తెచ్చిన ఒండును కంచెమొదట దించి, కొంత నేలలోనికి ఇంకును. ఏటేట ఒండు చేరగా కంచెకు ఎగువప్రక్క మెట్టు తానే ఏర్పడును.

వాలునేలకు వట్టివేరు తగినది. దీని వేళ్ళు ప్రక్కలకు విశేషముగా ప్రాకక లోతునకు దిగును. మైసూరు సీమలోని గుండ్లుపేట రైతులు దీనిని తరతరములుగా పొలిమేరలయందు పెంచిరి. నీటిగొట్టముతో మట్టము చూచుకొని, వాలునకు అడ్డముగా ఒకేమట్టమున వరుస గుర్తింపవలెను. తొలకరిలో దుబ్బులను చీల్చి, రెండు మూడు పిలకలచొప్పున, నాలుగైదు అంగుళముల ఎడముగా నాటవలెను. కంచె పూర్తిగా మూసికొనుటకు రెండు మూడు వర్షాకాలములు పట్టును. అంతవఱకు చచ్చిన మొక్కలచోట క్రొత్తవి పెట్టుచుండవలెను. సందు ఒక్కటి మిగిలినను నీరంతయు అచ్చటనే చేరి గండి త్రవ్వును. వేళ్ళకు వెల గలదని కంచెను త్రవ్వి అమ్మినచో మన్నునుగూడ అమ్మినట్లే.

ఇసుకనేలలయందు కంచె గాలి హెచ్చుగా వీచు దిక్కునకు అడ్డముగా నుండవలెను. దీనికి సరుగుడు మంచిది. చెట్టు ఎత్తునకు సుమారు పదిరెట్ల దూరమువఱకు దాని చాటు బాగుగా పనిచేయును. గోడవలె దట్టమైనచో గాలి పైకెగసి ఆవలిప్రక్క సుడులు తిరుగును. కొంతగాలి చొరనిచ్చు కంచెయే మేలు. క్రిందికొమ్మలు రాలిన చెట్లనడుమ గాలి దూరి ఇసుకను లేపును గనుక మొదట పొట్టిమొక్కల వరుస నొకదానిని పెంచవలెను. చెట్లవేళ్ళు పైరు నీటిని లాగకుండ, చేనివైపున కందకము త్రవ్వి వానిని తెగగొట్టుచుండవలెను.

కంచె భూమిని తినునని కొందఱి భయము. గజము వెడల్పు కంచెలు ముప్పదిగజముల కొకటి వేసినను, ఎకరమునకు పోవునది సుమారు మూడుసెంట్లు మాత్రమే. ఆ మూడుసెంట్లును వట్టిగా పోవు. లేతగా కోసిన వట్టివేరు ఆకు పశువులకు మేతయగును, ముదిరినది చేనిపై పఱచుటకు పనికివచ్చును. సరుగుడు కలపయు వంటచెఱకు నిచ్చును.

అయితే ఎగువ చేనినీరు దిగువ చేనిమీదికే వచ్చును. ఒక్కరైతు తన హద్దులలో వేసిన కంచె ఎగువనుండి వచ్చు వఱదకు చాలదు. కావున ఎగువదిగువల రైతులు తొలకరికి ముందే కూడి, హద్దులను దాటి ఒకేమట్టమున వరుసలు సాగునట్లు ఏర్పాటు చేసికొనవలెను.