మీకు తెలుసా? ‘తోకచుక్క’ రాసిందెవరు?

కువైట్‌లోని ఫహాహీల్‌లో పిల్లలకు ‘తోకచుక్క’, ‘శిథిలాలయం’ కథలు చెప్పే తెలుగు నాన్నను అడిగి చూడండి. చందమామ సీరియళ్లకు చిత్రా వేసిన బొమ్మలు గుర్తుంటాయి, రచయిత పేరు మాత్రం తట్టదు. అసలు పేరు వేస్తేగా!

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరి, 1954 నుంచి డజను సీరియళ్లు పేరు లేకుండానే రాశారు.

అమెరికా పిల్లల మిస్టరీలదీ ఇదే కథ. ‘హార్డీ బాయ్స్’ తొలి పుస్తకాలు రాసింది కెనడాకు చెందిన లెస్లీ మెక్‌ఫార్లేన్; అట్టమీద పేరు ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్ అనే కల్పిత రచయితది. ‘నాన్సీ డ్రూ’ తొలి కథలు మిల్డ్రెడ్ బెన్సన్‌వని 1980లో ఓ కోర్టు కేసుతోగాని అందరికీ తెలియలేదు.

దాసరి 2010 జనవరిలో కన్నుమూశారు. పుస్తకాలుగా వచ్చిన ఆ సీరియళ్ల మీద ఇప్పుడు ఆయన పేరుంది.